పరదేశములో మొదటి దినములు

ధ్యానమునకు: యిర్మీయా 28, 29 అధ్యాయములు, యెహెజ్కేలు 3:15



మన పల్లెలలో కువైటు అను మాట తెలియని ఇల్లు అరుదు. ఎవరి ఇంట చూచినను ఒక కుమార్తెయో, కోడలో, అల్లుడో అక్కడ నున్నారు. లేదా ఉండి వచ్చినారు. లేదా కాగితములు చేతబట్టుకొని పిలుపు కొరకు కనిపెట్టుచున్నారు. పోవుట మంచిదా, పోకుండుట మంచిదా అని ఈ నెల నేను వాదింపబోను. తీరని అప్పు, ఎండిన బోరు, పెండ్లికి ఎదిగిన బిడ్డ, వీటిని ఎదుట పెట్టుకొని కూర్చున్న ఇంటివారితో పోవద్దని చెప్పుట బోధకునికి సులభమే. వినుట వారికి సులభము కాదు. నేను చెప్పగోరునది మొదటి దినములను గురించి. విమానము దిగిన రాత్రి మొదలుకొని మొదటి జీతము చేతికి వచ్చువరకు గడచు ఆ కొద్ది దినములలో, అక్కడికి వెళ్లిన బిడ్డ ఏలాగు బ్రదుకవలెను, ఇక్కడ నున్న మనము ఏమి చేయవలెను అనునది నా ప్రశ్న.

యెహెజ్కేలు గ్రంథము మూడవ అధ్యాయములో ఒక చిన్న సంగతి యున్నది. చదువుచు పోవువారు తరచుగా దానిని గమనింపక దాటిపోవుదురు. కెబారు నది దగ్గర తేలాబీబు అను స్థలమున కాపురమున్న చెరవారి యొద్దకు ప్రవక్త వచ్చెను. వారు కూర్చున్న చోటనే తానును కూర్చుండి, ఏడు దినములు దిగ్భ్రమ చెందినవాడై యుండెను. అప్పటికే దేవుడు అతనికి గ్రంథపుచుట్టను తినిపించియున్నాడు. చెప్పవలసిన మాటలు నోటినిండ నున్నవి. అయినను ఏడు దినములు నోరు తెరవలేదు. యోబు స్నేహితులు కూడ మొదట ఏడు దినములు అతనితో నేలమీద మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన మంచిపని అదొక్కటే యని పెద్దలు నవ్వుచు చెప్పుట కద్దు.

ఈ ఏడు దినములు మన బిడ్డలకును వచ్చును. తిరిగివచ్చిన అక్కచెల్లెండ్రను అడిగినయెడల అందరును దాదాపు ఒకే విధముగా చెప్పుదురు. అర్ధరాత్రి దిగుట, పరిచయము లేని మనిషి కారులో ఎక్కించుకొని పోవుట, రెండు మూడంతస్తుల ఇల్లు, చలువ రాతి నేల, పేరు తెలియని యంత్రములు. మరునాడు ఎవరును లేపకమునుపే మెలకువ వచ్చును. మన ఊరిలో ఉదయము ఆరు గంటలైనప్పుడు అక్కడ మూడున్నర. చుట్టును చీకటి. శరీరమునకు మాత్రము కోడి కూసినట్టే, వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లవలసినట్టే యుండును. ఊడ్చుటకు వాకిలి లేదు. మంచముమీద కూర్చుండి వంటింటి గోడను చూచుచు తెల్లవారువరకు కనిపెట్టితినని ఒక సహోదరి నాతో చెప్పెను.

ఎండ మనకు క్రొత్త కాదని మనవారు ధైర్యముగా పోవుదురు. కడప ఎండలో వేరుశనగ పీకిన చేతులు గదా. అయితే ఆ దేశములో మిత్రిబా అను చోట 2016 జూలై 21వ తేదీన 53.9 డిగ్రీల వేడి నమోదైనది. అక్కడ పారు నది ఒక్కటియు లేదు. త్రాగు నీటిలో బహుభాగము సముద్రపు ఉప్పునీటిని యంత్రములతో శుద్ధిచేసి చేసినదే. 137వ కీర్తనలో చెరవారు బబులోను నదుల ఒడ్డున కూర్చుండి ఏడ్చిరని చదువుదుము. మనవారికి కూర్చుండి ఏడ్చుటకు ఏటి ఒడ్డు కూడ లేదు. స్నానపు గదిలో కొళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చుదురు.

అమ్మలారా, ఆ ఏడ్పు అవిశ్వాసము కాదు. దేవుని ప్రవక్త ఏడు దినములు కదలలేకపోయెను. నీ బిడ్డ మూడవ దినమున ఫోనులో నేను ఉండలేనమ్మా అని చెప్పినయెడల, ప్రార్థన తక్కువైనదని గద్దింపకుము. అంతమంది ఉండుటలేదా, నీకేమి వచ్చినదని ఇరుగు పొరుగువారితో పోల్చకుము. వెంటనే వచ్చేయుమని కూడ తొందరపడి చెప్పకుము. ఆమె ప్రక్కన కూర్చున్నట్టు ఊరకుండి వినుము. కాని కొట్టిరి, అన్నము పెట్టుటలేదు, గదిలో వేసి తాళము వేసిరి అను మాట ఆ ఏడ్పులో వినబడినయెడల అది వేరు సంగతి. దానిని గురించి క్రింద వ్రాసెదను.

ఇప్పుడు యిర్మీయా ఉత్తరమునకు వత్తము. క్రీస్తుపూర్వము 597వ సంవత్సరమున నెబుకద్నెజరు యెరూషలేమును పట్టుకొనెను. బబులోనువారు తమ రాజుల కార్యములను మట్టిపలకలమీద వ్రాసికొనిన చరిత్రలో కూడ ఈ సంగతి యున్నది. ఆ పలక నేడు లండనులోని బ్రిటీషు మ్యూజియములో నున్నది. యువకుడైన రాజు యెహోయాకీను, అతని తల్లి, అధిపతులు, పరాక్రమవంతులు, కంసాలివారు, కమ్మరివారు చెరగొనిపోబడిరి. రెండవ రాజుల గ్రంథము 24వ అధ్యాయము వారు పదివేలమంది యని చెప్పుచున్నది. దూరము సామాన్యమైనది కాదు. తరువాతి కాలమున ఎజ్రా బబులోనునుండి యెరూషలేమునకు వచ్చుటకు నాలుగు నెలలు పట్టెను. మనవారిని విమానము కొద్ది గంటలలో దింపుచున్నది. మనస్సు చేరుటకు మాత్రము వారికిని ఆ నాలుగు నెలలే పట్టునని నా తలంపు.

ఆ చెరవారికి యిర్మీయా యెరూషలేమునుండి ఒక ఉత్తరము వ్రాసెను. రాజు పనిమీద బబులోనునకు పోవుచున్న ఎల్యాశా, గెమర్యా అనువారి చేతికిచ్చి పంపెను. స్వస్థలమునుండి పరదేశమునకు పోయిన ఉత్తరము అది. సైన్యములకధిపతియగు యెహోవా చెప్పుచున్నాడని ప్రారంభమగుచున్నది గనుక చదువువాడు ఏమి గొప్ప సంగతి వచ్చునో యని కనిపెట్టును. వచ్చినదేమి? ఇండ్లు కట్టుకొని అందులో కాపురముండవలెను. తోటలు వేసికొని వాటిలో పండినది తినవలెను. పెండ్లిండ్లు చేసికొని పిల్లలను కనవలెను. మీరున్న పట్టణము క్షేమముగా ఉండవలెనని కోరి దాని కొరకు ప్రార్థింపవలెను. ఉపవాసమును గురించి ఒక్క మాట లేదు. ఇల్లు, తోట, పెండ్లి, పిల్లలు. రైతు ఇంటి మాటలు.

ఈ ఉత్తరములో లేనిదానిని కూడ చూడుడి. యెరూషలేములో మిగిలినవారు ఆ దినములలో సుఖముగా లేరు. వెళ్లినవారిలో పనితనము గలవారు, కలిగినవారు అనేకులు. మీకు అక్కడ జీతమెంత, మాకెప్పుడు పంపుదురు, ఇక్కడ గోడ కూలినది, అక్కడినుండి వెండి పంపుడి అని యిర్మీయా వ్రాసియుండవచ్చును. ఒక్క అడుగుట లేదు. ఇంటినుండి వెళ్లిన ఆ ఉత్తరము, అక్కడ బ్రదుకుటకు వారికి సెలవిచ్చినది. తినుమని చెప్పినది.

మన ఉత్తరములు, అనగా నేటి ఫోనులు, ఎట్లున్నవి? మొదటి వారములోనే భర్త జీతము తేదీ అడుగును. మామగారు వడ్డీవాడు వచ్చి కూర్చున్నాడని చెప్పును. మరిది సెల్లు ఫోను అడుగును. ఏమియు ఎరుగని చంటిబిడ్డను ఫోను దగ్గరకు తెచ్చి, అమ్మను పిలువరా అని గిల్లి ఏడ్పింతురు. ఆ తల్లి ఆ రాత్రి అన్నము ముట్టునా? ఇది ప్రేమయని మనమనుకొందుము. నేను అట్లనుకొనుటలేదు.

తోటలో పండినది తినవలెనను ఆజ్ఞను మన బిడ్డలు అన్నిటికంటె తక్కువగా నెరవేర్చుచున్నారు. సేటు ఇంట మిగిలిన అన్నము, నిన్నటి ఖుబ్బూసు తిని, జ్వరము వచ్చినను మాత్ర కొనక, చెప్పులు తెగినను కుట్టుకొని, వచ్చిన దీనారులన్నియు ఇంటికి పంపువారున్నారు. ఇరువది దీనారులు తన కొరకు ఉంచుకొన్నందుకు ఇంటిలో నేరస్థురాలివలె జవాబు చెప్పుకొనిన ఒక కోడలిని నేనెరుగుదును. ద్రాక్షతోట వేసినవాడు దాని ఫలము తినకుండునా యని పౌలు కొరింథీయులను అడుగుచున్నాడు. కళ్లము త్రొక్కు ఎద్దు మూతికి చిక్కము వేయకూడదని మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఎద్దునకున్న న్యాయము కోడలికి లేదా? ఆమె వేడి అన్నము వండుకొని తినవలెనని, వారమునకొకసారి పండ్లు కొనుక్కొనవలెనని, మంచి చెప్పులు తొడుగుకొనవలెనని ఇంటి పెద్ద తన నోట చెప్పవలెను. ఆమె తనంతట తాను అట్లు చేయదు. మీరు చెప్పినప్పుడే ఆమెకు ముద్ద దిగును.

యిర్మీయా ఉత్తరము వ్రాసినప్పుడు వేరొక ప్రసంగము కూడ జనులలో నడచుచుండెను. గిబియోను వాడైన హనన్యా దేవాలయములో యాజకులయెదుట నిలిచి, రెండు సంవత్సరములలోగా చెరవారందరు తిరిగి వచ్చెదరని ప్రకటించెను; యిర్మీయా మెడమీదనున్న కొయ్య కాడిని తీసి విరిచివేసెను. జనులకు ఎవరి మాట తియ్యగా నుండియుండునో మీరే ఊహించుడి. రెండు సంవత్సరములేయైనచో ఇల్లేల, తోటయేల? మూట విప్పకయే కూర్చుండవచ్చును.

రెండు సంవత్సరములు! మన కువైటు ఒప్పందములును సాధారణముగా రెండు సంవత్సరములకే వ్రాయబడుచున్నవి. ఒక తల్లి నాతో, అయ్యగారూ, రెండేండ్లే గదా, కన్ను మూసి తెరచునంతలో వచ్చేస్తుంది అని చెప్పెను. అప్పు తీరుటకు రెండేండ్లు. తరువాత ఇల్లు వేయుటకు రెండేండ్లు, అమ్మాయి చదువునకు రెండు, పెండ్లికి మరి రెండు. లెక్క చూచుకొనునప్పటికి ఎనిమిదేండ్లు. ఆ ఎనిమిదేండ్లును రేపు పోయేదానివలె పెట్టెమీద కూర్చున్నట్టు గడచును. ఆమె అరబీ సరిగా నేర్చుకొనదు, పోయేదానను గదా. స్నేహితురాండ్రను చేసికొనదు, పోయేదానను గదా. ఆ దేశమందున్న సంఘములో చేరదు. నడుము నొప్పికి వైద్యుని చూడదు. హనన్యా మాట ఆశీర్వాదమువలె వినబడును గాని నమ్మినవారి దినములను తినివేయును. యిర్మీయా డెబ్బది సంవత్సరములనెను. కఠినమైన మాట. అయినను ఆ మాట విన్నవాడు ఆ సాయంకాలమే పార చేతబట్టుకొనగలడు.

నేను మన బిడ్డలను డెబ్బది సంవత్సరములు అక్కడ నుండుమని చెప్పుట లేదు, ఎవరును తప్పుగా తలంపకుందురుగాక. తిరిగి వచ్చు తేదీ నిశ్చయించుకొనుడి. ఏ అప్పు తీరగానే వత్తురో పోకమునుపే భార్యాభర్తలు కూర్చుండి కాగితముమీద వ్రాసికొనుడి. ఆ తేదీవరకు ఉన్న ప్రతి దినమును మాత్రము, పెట్టె విప్పి, బట్టలు గూటిలో పెట్టుకొని, ఉన్నవారివలె ఉండుడి.

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయముగా అడుగవచ్చును. యూదులు కుటుంబములతో వెళ్లిరి. వారికి నేల దొరికెను. సేటు ఇంట వంటగది ప్రక్క చిన్న గదిలో, మరొకరి పిల్లలను ఎత్తుకొని, తన పిల్లలను విడిచియున్న స్త్రీకి ఇల్లేమి, తోటయేమి? ఈ భేదమును నేను కప్పిపుచ్చను. పెండ్లిండ్లు చేసికొని పిల్లలను కనుమను భాగము ఆమె యెడల నెరవేరదు. దానికి బదులుగా ఏదో ఆత్మసంబంధమైన అర్థము చెప్పి ఆమెను ఓదార్చుట నాకు ఇష్టము లేదు. ఆ నష్టము నష్టమే. కాని మిగిలినదానిలో ఆమె చేతనైనది చాల యున్నది. నూనె డబ్బా కోసి, వంటకు తెచ్చిన పుదీనా కట్టలోని కాడలు నాలుగు అందులో గ్రుచ్చి, కిటికీ దగ్గర పెట్టి పెంచిన సహోదరిని నేనెరుగుదును. ఆ యింటి ముసలమ్మ అది చూచి మరునాడు తానే ఒక కుండీ తెప్పించి ఇచ్చెనట. అదియే ఆమె తోట. గోడకు ఒక మేకు, మేకునకు బైబిలు సంచి, తలగడ క్రింద పిల్లల ఫోటో, ఆదివారము కట్టుకొను చీర ఒకటి మడత నలగకుండ. అదియే ఇల్లు.

మొదటి దినములలో నేర్చుకొనవలసినది మాట. దానియేలునకును అతని స్నేహితులకును కల్దీయుల విద్యయు భాషయు నేర్పుటకు మూడు సంవత్సరములు పెట్టిరి. మనవారికి మూడు దినములు కూడ ఇయ్యరు. తాల్ అన్న రమ్మని, రూహ్ అన్న పొమ్మని, మాయ్ అన్న నీళ్లని, మాఫీ అన్న లేదని పోకమునుపే నేర్చుకొనినవారు మొదటి వారములో తిట్లు తక్కువ తిందురు. మన పల్లెలో తిరిగివచ్చినవారు ఎందరో యున్నారు. వారు సాయంకాలము అరుగుమీద కూర్చుండి ఒక నోటుబుక్కులో ఏబది మాటలు తెలుగు అక్షరములతో వ్రాసి ఇచ్చుట ఎంతపని? దానియేలు పేరు కూడ మార్చిరి. మన బిడ్డల పేర్లు వారి నోట తిరుగక వేరొక పేరుతో పిలుతురు. దానియేలు పేరును గురించి పోట్లాడలేదు. భోజనమును గురించి మాత్రము మనస్సున నిశ్చయించుకొని, అధికారిని మర్యాదగా అడిగి, పది దినములు పరీక్షించి చూడుమనెను. ఏది విడిచిపెట్టవలెనో, ఏది పట్టుకొనవలెనో పోకమునుపే తీర్మానించుకొనినవారు అక్కడ తడబడరు.

పట్టణము క్షేమమును కోరుడని యిర్మీయా వ్రాసినప్పుడు హెబ్రీ భాషలో వాడిన మాట షాలోము. అదే వచనములో మూడుసార్లు వచ్చును. అరబీలోని సలామ్ దానికి సొంత చెల్లెలివంటి మాట. కనుక మొదటి ఉదయమున ఆ యింటివారు ఒకరినొకరు పలుకరించుకొను మాటను వినగానే, మన బిడ్డ యిర్మీయా ఉత్తరములోని మాటనే వినుచున్నది! ఆ యింటి ముసలివారి కొరకు, తాను ఎత్తుకొను పసిబిడ్డ కొరకు, కారు నడుపు బంగ్లాదేశపువాని కొరకు ఆమె ప్రార్థింపవచ్చును. చెరగొనిపోయినవాని పట్టణము కొరకే ప్రార్థింపుమని చెప్పిన దేవుడు, జీతమిచ్చువాని ఇంటి కొరకు ప్రార్థింపవద్దనునా?

అయితే క్షేమమును కోరుట అనగా అన్యాయమును దాచుట కాదు. 2015లో కువైటు దేశము ఇంటిపనివారి కొరకు 68వ నంబరు చట్టము చేసినది. దినమునకు 12 గంటలకంటె ఎక్కువ పని చేయింపరాదు. వారమునకొక దినము సెలవు. సంవత్సరమునకు 30 దినములు జీతముతో సెలవు. పనివారి పాస్‌పోర్టును యజమాని తన యొద్ద ఉంచుకొనరాదు. వ్రాసినదంతయు ప్రతి ఇంటను జరుగుచున్నదని నేను చెప్పను. చట్టమున్నదని ఎరుగుట వేరు, ఎరుగకుండుట వేరు. పౌలు కొరడాలతో కొట్టబడబోవునప్పుడు తాను రోమీయుడనని చెప్పుటకు సిగ్గుపడలేదు. కొట్టుట, ఆకలి, బంధించుట, మానభంగ భయము, ఇవి సహింపవలసిన శ్రమలు కావు. భారత రాయబార కార్యాలయము ఫోను నంబరు ఒక కాగితముమీద వ్రాసి ఆమె యొద్దను, ఇంటి గోడమీదను ఉంచుడి. అట్టి మాట ఫోనులో వినబడిన దినమున పరువును గురించి ఆలోచింపక వెంటనే పెద్దల యొద్దకును నా యొద్దకును రండి.

సెలవు దొరికినవారికి ఆరాధన శుక్రవారము జరుగును. ఆదివారము అక్కడ పనిదినము. మొదట ఇది మనస్సునకు ఎబ్బెట్టుగా నుండును గాని ప్రభువు దినములకు బద్ధుడు కాడు. కువైటు నగరములో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో అనేక భాషలవారు గంటలు పంచుకొని ఆరాధించుచున్నారు. తెలుగువారును అందులో నున్నారు. ఆ సంఘమునకు మూలము 1889లో అమెరికాలో ఆరంభమైన అరేబియా మిషను. ఎలినోర్ కాల్వర్లీ అను వైద్యురాలు 1912లో కువైటుకు వచ్చి, అక్కడి స్త్రీలకు వైద్యము చేసెను. ఆ మిషను ఆస్పత్రి 1967 వరకు నడచెను. మన మదనపల్లెలో వైద్యము చేసి, తెలుగు నేర్చి, సువార్త చెప్పిన జేకబ్ ఛాంబర్లేన్ దొరగారిని పంపినదియు, అరేబియా మిషనును పోషించినదియు ఒకే రిఫార్మ్‌డు సంఘము. మన రాయలసీమ ఆడబిడ్డ ఆ గుడిలో కూర్చున్నప్పుడు పరాయి చోట కూర్చున్నట్టు తలంపనక్కరలేదు. మన తాతలకు మందిచ్చిన చెయ్యియే ఆ గోడలకును మొదటి రాయి పెట్టినది.

ఇక్కడ మిగిలినవారితో ఒక మాట. ఆమె పంపిన దానితో త్రాగు భర్తను ఈ సంఘము చూచుచు ఊరకుండకూడదు. పెద్దలు పోయి అడుగవలెను. అడుగుటకు భయపడినయెడల నన్ను తోడు తీసికొనిపోవుడి. అమ్మమ్మ దగ్గర పెరుగు బిడ్డలను సండేస్కూలు ఉపాధ్యాయురాలు పేరుపేరున ఎరుగవలెను, వాని జ్వరము ఎరుగవలెను, వాని మార్కులు ఎరుగవలెను. వారము వారము తల్లితో మాటలాడునప్పుడు బిడ్డ చేత ఏడ్పింపక, ఆ దినము బడిలో చదివినది చదివింపుడి. అది విని ఆమె నిద్రపోవును.

యిర్మీయా ఉత్తరము నెరవేరినదా యని అడుగువారికి మట్టి సాక్ష్యమిచ్చినది. బబులోను శిథిలములలో జర్మనులు త్రవ్వి తీసిన పలకలలో, యూదా రాజగు యెహోయాకీనునకును అతని ఐదుగురు కుమారులకును కొలచి ఇచ్చిన నూనె లెక్క యున్నది. అవి 1939లో ప్రచురింపబడెను. రాజునకును పరదేశములో దినవెచ్చమే. ఇంకొక పలకల సమూహము 2014లో ప్రచురణకు వచ్చినది. క్రీస్తుపూర్వము 572 మొదలుకొని సుమారు నూరు సంవత్సరముల కాలములో వ్రాసినవి. వాటిలో యూదా పట్టణమని పిలువబడిన ఊరు ఒకటి కనబడుచున్నది. బబులోను దేశములో, పంటకాలువల ప్రక్క. అందులోని జనులు యవలు పండించిరి, ఖర్జూరపు పంటలో పన్ను కట్టిరి, అప్పులు తీసికొనిరి, తీర్చిరి, సాక్షులుగా నిలిచిరి. బిడ్డలకు పెట్టిన పేర్లలో యెహోవా నామము కలిసియున్నది. మునిమనుమల కాలమునకు కూడ ఆ నామము పోలేదు.

ఈ నెలలో మన సంఘమునుండి ఇద్దరు సహోదరీలు ప్రయాణమగుచున్నారు. ప్రయాణమునకు ముందు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వారి కాగితములను అందరము కలిసి చూచెదము: ఇంటిపని వీసా, అనగా మనవారు ఖాదిం వీసా అనునది, 20వ నంబరుదా లేక విజిటు వీసాయా, లైసెన్సు గల ఏజెంటా, ప్రవాసీ భారతీయ బీమా, అనగా 10 లక్షల రూపాయల ప్రమాద బీమా, కట్టిరా, పాస్‌పోర్టులో వయస్సు నిజమైనదా. ఇంటిపనికి పోవు స్త్రీకి 30 సంవత్సరములు నిండనిదే మన ప్రభుత్వము అనుమతి ఇయ్యదు. తిరిగివచ్చిన అక్కలు తమ నోటుబుక్కులు తేవలెను. బయలుదేరువారి అత్తమామలు తప్పక రావలెను. ఆమె తన కొరకు నెలకు ఎంత ఉంచుకొనవలెనో వారు అందరియెదుట తమ నోట చెప్పుదురు.